మావయ్యకి చెప్పకుండా కార్బురేటర్ దించాను

రెండేళ్ళ కిందట జూలైలో మస్కిటో పాస్ ఎక్కుతుండగా మా జీపు ఆగిపోయింది. కొలరాడోలో ఫెయిర్‌ప్లే, లెడ్‌విల్ అనే ఊళ్ళ మధ్య ఉన్న కనుమ అది. ఎత్తు 13,185 అడుగులు. దాన్ని రోడ్డు అనడం మర్యాద కోసమే, రాళ్ళ మీద రాళ్ళు పారబోసినట్టుంటుంది. ఇంకో మైలు ఎక్కితే పైకి చేరతాం అనగా, బాగా నిటారుగా ఉన్న చోట ఇంజన్ రెండు సార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి ఊరుకుంది. పక్క సీట్లో మా ఆవిడ, వెనక ఆరేళ్ళ పాప. ఎడమ వైపు లోయ.

బండి ఆగితే ఏముంది, కాసేపాగి స్టార్ట్ చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది వినేవాళ్ళకి. కానీ కొండ మీద ఇంజన్ ఆగితే దానితో పాటు బ్రేకు బలం కూడా పోతుంది. పవర్ బ్రేకులకి సాయం చేసేది ఇంజన్ పుట్టించే వాక్యూమే. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండు సార్లు తొక్కగలం, తర్వాత పెడల్ బండరాయిలా బిగుసుకుపోతుంది. పార్కింగ్ బ్రేకు తొక్కి, గేరు ఫస్ట్‌లో ఉంచి, ఒంట్లో బరువంతా కుడి కాలి మీద పెట్టి కూర్చున్నాను. తను ఒక్క మాట కూడా మాట్లాడకుండా దిగి, పాపని కొండ వైపు నిలబెట్టి, రెండు పెద్ద రాళ్ళు దొర్లించుకొచ్చి వెనక చక్రాల కింద పెట్టింది. ఇరవై నిమిషాలాగి, యాక్సిలరేటర్ పూర్తిగా అదిమిపట్టి సెల్ఫ్ కొడితే అప్పుడు లేచింది. ఇక పైకి వెళ్ళలేదు. తిప్పుకునే చోటు దొరికేదాకా రివర్స్‌లోనే దిగాం.

ఇంటికొచ్చాక తను అన్నది ఇంతే. "నువ్వు ఎక్కుతావో మానతావో నీ ఇష్టం. పాపని మాత్రం ఇంక ఆ బండి ఎక్కించను."

ఆ వారమే ఫ్యూయల్ ఇంజెక్షన్ గురించి చదవడం మొదలుపెట్టాను. అమ్మకి చెప్పాను, ఆఫీసులో చెప్పాను, పక్కింటాయనకి చెప్పాను. మావయ్యకి మాత్రం చెప్పలేదు.

మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. తణుకులో ఆయనకి మెకానిక్ షెడ్డు ఉండేది. వేసవి సెలవుల్లో నా మకాం అక్కడే. పెట్రోలు జీపులు, అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు వరసగా నిలబడి ఉండేవి. బానెట్ ఎత్తి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. తర్వాత అదే స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ పక్కనున్న మిక్చర్ స్క్రూని పావు చుట్టు తిప్పేవాడు. ఇంజన్ మోత మారేది. ఇంకాస్త తిప్పి, మళ్ళీ కొంచెం వెనక్కి. "ఇదిగో ఇక్కడ పాడుతోంది చూడరా" అనేవాడు. జెట్లలో నలక ఇరుక్కుంటే నోటితోనే ఊదేసేవాడు. మా అత్తయ్యకి ఆ పెట్రోలు వాసనంటే ప్రాణం మీదకొచ్చేది.

2000 అటూ ఇటూగా కొత్త కార్లన్నిటి వెనకా ఎంపీఎఫ్ఐ అనే అక్షరాలు మొదలయ్యాయి. వాటిలో తిప్పడానికి స్క్రూ లేదు, ఊదడానికి జెట్టు లేదు. కంప్యూటర్ పెట్టి చూడాలి, ఆ కంప్యూటరేమో కంపెనీ సర్వీస్ సెంటర్లో ఉంటుంది. మావయ్య దగ్గరికి వచ్చేవాళ్ళు ఏడాదికి కొందరు చొప్పున తగ్గిపోయారు. కొన్నాళ్ళు ట్రాక్టర్లు చూశాడు, తర్వాత షెడ్డుని టైర్ల కొట్టుకి అద్దెకిచ్చాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చి మోటారు సైకిళ్ళలో కూడా ఇంజెక్షన్ పెట్టేసరికి, కాలక్షేపానికి చూసే బళ్ళు కూడా పోయాయి. కాబట్టి ఆ ఇంట్లో ఇంజెక్షన్ అంటే డాక్టరు వేసేదైనా సరే, ఆచితూచి అనాల్సిన మాట.

నేను ఈ 1984 జీప్ సీజే-7 కొన్నప్పుడు అందరికంటే సంబరపడ్డది ఆయనే. మనవైపు మహీంద్రా వాళ్ళు కూడా విల్లీస్ జీపులు బిగించారు కాబట్టి ఈ బండి ఆయనకి చుట్టం లాంటిదే. ఆదివారం పొద్దున్న, అంటే ఆయనకి రాత్రి, వీడియో కాల్ పెట్టి ఇంజన్ దగ్గర ఫోను పట్టుకుంటే అక్కడి నుంచే ట్యూనింగ్ చెప్పేవాడు. మళ్ళీ పనిలోకి ఎక్కినట్టుండేది ఆయన గొంతు. ఇప్పుడు ఆ కార్బురేటర్నే పీకేస్తున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నిజానికి కార్బురేటర్ తప్పు చేసిందనడానికి లేదు. దాని పద్ధతే అంత. లోపల నడుము దగ్గర సన్నబడిన గొట్టం ఒకటి ఉంటుంది, వెంచురీ అంటారు. ఇంజన్ గాలి పీల్చినప్పుడు ఆ ఇరుకులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. దాంతో పక్కనున్న చిన్న గిన్నెలోంచి పెట్రోలు జెట్ గుండా లేచి, అత్తరు బుడ్డిలోంచి వచ్చినట్టు తుంపరగా గాలిలో కలుస్తుంది. ఆ గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండాలి. అందుకు ఫ్లష్ ట్యాంకులో బంతి లాంటి ఫ్లోట్ ఒకటి, అది పైకి లేస్తే దారి మూసే నీడిల్ ఒకటి. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి.

కానీ ఇదంతా బండి సమంగా ఉన్నంతవరకే. పళ్ళెంలో చారు పోసుకుని మెట్లెక్కి చూడండి. ముక్కు పైకి లేస్తే గిన్నెలో పెట్రోలు ఒక పక్కకి ఒరిగిపోతుంది. కార్బురేటర్ కట్టిన తీరుని బట్టి జెట్‌కి పెట్రోలు అందక ఇంజన్ ఎండిపోవచ్చు, లేదా పెట్రోలు పొంగి తిన్నగా లోపలికి పడి ఇంజన్ మునిగిపోవచ్చు. నాకు జరిగింది రెండోది. నల్ల పొగ దాని గుర్తే.

దీనికి ఎత్తు తోడైంది. పెట్రోలు సరిగ్గా కాలాలంటే ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి, అదీ తూకంలో. పదమూడు వేల అడుగుల మీద గాలి పీడనం సముద్ర మట్టం దగ్గరున్న దానిలో అరవై శాతం చిల్లరే. కార్బురేటర్ గాలి దూకుడుని బట్టి పెట్రోలు ఇస్తుంది తప్ప గాలి తూకం దానికి తెలియదు. డెన్వర్‌లో, అంటే 5,280 అడుగుల దగ్గర, మావయ్య చెవి పెట్టి తీర్చిన ట్యూనింగ్ పైకి పోయేకొద్దీ రిచ్ అవుతూనే ఉంటుంది. జెట్లు చిన్నవి వేసుకోవచ్చు. కానీ మళ్ళీ కిందికి దిగాక అవి చాలవు. నేను కొండ మీద కాపురం ఉండటం లేదు కదా.

ఇంజెక్షన్‌లో గిన్నె లేదు, ఫ్లోట్ లేదు. పెట్రోలు ఒత్తిడితో గొట్టంలో సిద్ధంగా ఉంటుంది. ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న కుళాయి, ఒక్కోసారి కొన్ని మిల్లీసెకన్ల పాటు తెరుచుకుంటుంది. ఎంతసేపు తెరవాలో కంప్యూటర్ చెబుతుంది. అందుకు అది మ్యానిఫోల్డ్‌లో గాలి పీడనం, ఇంజన్ తిరిగే వేగం, కూలెంట్ వేడి, థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో చూస్తుంది. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ని కూడా చూసి తన లెక్క తనే దిద్దుకుంటుంది. బండి మూతి ఆకాశం వైపున్నా, కాలవలోకి వంగి ఉన్నా దానికి ఒకటే.

ఇక్కడో చిన్న పిట్టకథ. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ని అమెరికాలో మొదట ప్రకటించిన కార్లలో ఒకటి 1957 నాటి ర్యాంబ్లర్ రెబెల్. బెండిక్స్ వాళ్ళ ఎలెక్ట్రోజెక్టర్ అనే పరికరం అందులో ఉంటుందన్నారు. తీరా కొనేవాళ్ళ దాకా అది రానేలేదు. మరుసటి ఏడాది క్రైస్లర్ కొద్ది కార్లలో పెట్టి అమ్మింది, వాటిలో చాలా వాటికి తర్వాత కార్బురేటర్లే తిరిగి బిగించారు. ఆ తర్వాత 1967లో బాష్ వాళ్ళు డి-జెట్రానిక్ పేరుతో ఫోక్స్‌వాగన్‌లో పెట్టాక గానీ ఈ విద్య నిలదొక్కుకోలేదు. ఆ ర్యాంబ్లర్ చేసిన ఏఎంసీ కంపెనీయే 1970లో జీప్‌ని కొనుక్కుంది. 1976 నుంచి 1986 దాకా సీజే-7లు చేసింది, ఆరు సిలిండర్ల 4.2 లీటర్ ఇంజన్‌ని కార్బురేటర్‌తోనే ఇస్తూ. అంటే ఎప్పుడో వాళ్ళు మొదలుపెట్టి వదిలేసిన పనినే నేను నా గరాజ్‌లో పూర్తి చేస్తున్నానన్నమాట. (ఈ మాట మా ఆవిడ దగ్గర అంటే, "అయితే వాళ్ళనే వచ్చి గరాజ్ సర్దమను" అంది.)

దారులు మూడు కనిపించాయి. తనంతట తనే నేర్చుకునే కొత్త రకం ఇంజెక్షన్ కిట్ కొనడం ఒకటి. పని తేలికే గానీ ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది. తర్వాతి కాలపు జీపుల 4.0 లీటర్ ఇంజన్ హెడ్డు తెచ్చి, సిలిండర్‌కో ఇంజెక్టర్ పెట్టడం రెండోది. పవర్ బాగా వస్తుంది, కానీ ఇంజన్ సగం విప్పాలి. మూడోది, జనరల్ మోటార్స్ పాత పికప్ ట్రక్కుల్లోంచి థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ తీసుకొచ్చి కార్బురేటర్ ఉన్న చోటే కూర్చోబెట్టడం. వాళ్ళ 4.3 లీటర్ వీ6 కూడా ఆరు సిలిండర్లే, పరిమాణం మా 4.2కి దగ్గర. అందుకని దాని ఇంజెక్టర్లు, దాని కంప్యూటర్ లెక్కలు మనకి దాదాపు సరిపోతాయి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు మాత్రం తొందరపడొద్దు. అక్కడ 1976, ఆ తర్వాతి పెట్రోలు బళ్ళకి స్మాగ్ చెక్ ఉంటుంది, అనుమతి సంఖ్య లేని భాగాలు బిగిస్తే బండి పాసవదు.

నేను మూడోదానికే మొగ్గాను. చవక అన్నది ఒక కారణం. అసలు కారణం ఆ కంప్యూటర్. దాని నంబరు 1227747, దాంతో ఆడుకునేవాళ్ళు ముద్దుగా 7747 అంటారు. అందులో ఇంజన్‌ని నడిపే ప్రోగ్రామూ లెక్కలూ మొత్తం కలిపి ఒక చిప్పులో నాలుగు కిలోబైట్లు. నాలుగే! మా ఆఫీసులో లాగిన్ పేజీ మీద ఉండే కంపెనీ బొమ్మ దానికన్నా పెద్దది. కిటికీ ఉన్న ఆ చిప్పుని అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టి చెరిపి, మళ్ళీ రాసుకోవచ్చు. దాని లోపలి లెక్కలన్నిటినీ ఔత్సాహికులు ఏళ్ళ తరబడి విప్పి, ఏ అంకె ఎక్కడుందో అందరికీ చెప్పేశారు.

జంక్‌యార్డ్ అంటే ఇక్కడ మన స్పానర్లు మనమే పట్టుకెళ్ళి, మనకి కావలసింది మనమే విప్పుకునే చోటు. రెండు శనివారాలు పట్టింది. థ్రాటిల్ బాడీ విప్పడం అరగంట పని. వైరింగ్ మాత్రం మొదలంటా కత్తిరించకుండా లాగాలి, లేకపోతే తర్వాత ఏడవాలి. ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. కుళ్ళిన టేపు విప్పుతుంటే రంగురంగుల తీగలు సేమియా ఉప్మాలా విచ్చుకున్నాయి. ఏ తీగ ఎక్కడికి పోతుందో నేను చెబుతుంటే పాప స్టిక్కర్ల మీద అంకెలు రాసి అంటించింది. దాని ఏడు ఇప్పటికీ తిరగబడే ఉంటుంది, అందుకని 17వ తీగ దగ్గర ఒకసారి మోసపోయాను.

ఇలాంటి పనిలో పేరు ఇంజెక్టర్‌ది గానీ, అసలు కష్టం పెట్రోలు పైపులది. కార్బురేటర్‌కి నాలుగైదు పీఎస్‌ఐ చాలు, ఇంజన్‌కి అంటుకుని ఉన్న మెకానికల్ పంపు అది ఇస్తుంది. థ్రాటిల్ బాడీకి తొమ్మిది నుంచి పదమూడు కావాలి. అందుకని ఆ పంపు తీసేసి, అక్కడ మూత బిగించి, ట్యాంకు దగ్గర ఛాసిస్‌కి ఎలక్ట్రిక్ పంపు కట్టాను. మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగి పోవడానికి ఇంకో పైపు. పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చాను, క్లాంపులు కూడా ఇంజెక్షన్‌కి సరిపడేవే. ఈ దగ్గర పిసినారితనం పనికిరాదు. ఒత్తిడి మీద ఉన్న పెట్రోలు చీలిన గొట్టంలోంచి వేడి ఎగ్జాస్ట్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొంతమంది ఎలక్ట్రిక్ పంపుని నేరుగా తాళంచెవి కరెంటుకి కలిపేస్తారు. బండి బోల్తా పడి ఇంజన్ ఆగినా, పంపు మాత్రం పెట్రోలు పోస్తూనే ఉంటుంది. దయచేసి అలా చేయకండి. 7747 అయితే తాళం తిప్పగానే రెండు సెకన్లు పంపు తిప్పి ఆపేస్తుంది, ఇంజన్ తిరుగుతున్న సంకేతం అందితేనే మళ్ళీ నడుపుతుంది. దానికి తోడు గట్టి దెబ్బ తగిలితే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్ ఒకటి పాత ఫోర్డ్ లోంచి తెచ్చి పెట్టాను. కొండలెక్కే బండికి ఇది అలంకారం కాదు.

స్పార్కు జోలికి పోలేదు. పాత డిస్ట్రిబ్యూటర్‌నే ఉంచి, ఇంజన్ వేగం తెలియడానికి కాయిల్ నెగటివ్ నుంచి ఒక తీగ కంప్యూటర్‌కి ఇచ్చాను. సైలెన్సర్ పైపుకి ఆక్సిజన్ సెన్సర్ కోసం చిన్న బుడిపె వెల్డింగ్ చేయించాను. ఇంజన్‌కి దూరం కాబట్టి హీటర్ ఉన్న సెన్సరే వేశాను, లేదంటే అది వేడెక్కడానికే బోలెడు సేపు పడుతుంది.

మొదటిసారి తాళం తిప్పిన రోజు బాగా గుర్తుంది. వెనక నుంచి కందిరీగ రొదలా పంపు రెండు సెకన్లు మోగి ఆగింది. డయాగ్నస్టిక్ సాకెట్లో రెండు పిన్నులకి అడ్డంగా పేపర్ క్లిప్పు పెడితే చెక్ ఇంజన్ దీపం ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండు సార్లు వెలిగింది. ఒకటి, రెండు. కోడ్ 12. ఇంజన్ తిరగడం లేదు గానీ నేను బతికే ఉన్నాను అని ఆ కంప్యూటర్ చెప్పే పద్ధతి అది. నలభై ఏళ్ళ బండిలో, జంక్‌యార్డ్ బురదలోంచి తెచ్చిన పెట్టె నాకు జవాబిచ్చింది. క్లిప్పు తీసేసి సెల్ఫ్ కొట్టాను. చోక్ లేదు, పంపింగ్ లేదు, ఒక్క తిప్పులో అందుకుంది.

అందుకుంది గానీ దిగడం మానేసింది. ఐడిల్ 700 దగ్గర ఉండాల్సింది 1,300 దగ్గర కూర్చుంది. ఎంత వేడెక్కినా అంతే. ల్యాప్‌టాప్ తగిలించాను. 7747 సెకనుకి 160 బిట్ల వేగంతో మాట్లాడుతుంది, స్క్రీన్ మీద అంకెలు మారడానికి సెకను పైనే పడుతుంది. వాటిని చూస్తూ చిప్పులో ఐడిల్ లెక్కలు మార్చాను. చెరిపాను, రాశాను, పెట్టాను. మళ్ళీ చెరిపాను. రెండు రాత్రులు. మా వృత్తిలో ఇదో జబ్బు. ఎక్కడ ఏం తేడా వచ్చినా సెట్టింగ్స్ మార్చి చూస్తాం.

మూడో రోజు ఆదివారం. మావయ్యే వీడియో కాల్ చేశాడు. ఫోను ఎత్తేసరికి నేను బానెట్ కింద ఉన్నాను, ఫోన్ ఏ వైపు తిరిగి ఉందో చూసుకోలేదు.

"అదేంట్రా, కార్బురేటర్ ఏదీ?"

చెప్పాను. మస్కిటో పాస్ సంగతి కూడా అప్పుడే చెప్పాను, అంతవరకు అదీ దాచాను. కాసేపు ఏమీ అనలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"పిల్ల బండిలో ఉందా అప్పుడు?"

"ఉంది మావయ్యా."

"సరే. స్టార్ట్ చెయ్యి."

చేశాను. పది సెకన్లు కూడా వినలేదు. "గాలి లాగుతోందిరా అది. ఆయిల్ డబ్బా ఉందా? కొత్తగా బిగించిన ప్రతి జాయింటు చుట్టూ చుక్క చుక్క వెయ్యి. ఇంజన్ ఆపకు. స్ప్రేలు గట్రా కొట్టకు, వేడి మీద అంటుకుంటుంది."

థ్రాటిల్ బాడీకీ పాత మ్యానిఫోల్డ్‌కీ మధ్య అడాప్టర్ పలక ఒకటి ఉంటుంది. దాని వెనక అంచు దగ్గర నూనె చుక్క పడగానే సర్రున లోపలికి పోయింది, ఇంజన్ ఒక్కసారి 900కి దిగి, మళ్ళీ 1,300కి లేచింది. విప్పి చూస్తే, అడాప్టర్‌లో ఒక స్క్రూ తల వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. గాస్కెట్ అక్కడ అతుక్కోలేదు. పూర్తిగా నా బిగింపు తప్పే. ఆకురాయితో సమం చేసి, కొత్త గాస్కెట్ వేస్తే ఐడిల్ 700కి దిగింది.

పాత మెకానిక్ చెవి ముందు కంప్యూటర్ ఓడిపోయింది అని రాస్తే చదవడానికి బావుండేది. కానీ అది నిజం కాదు. ఐడిల్ గాలిని అదుపు చేసే చిన్న మోటారు ఒకటి ఉంటుంది, అది ఎంత తెరుచుకుందో స్క్రీన్ మీద ఒక అంకె చూపిస్తుంది. రెండు రాత్రులూ ఆ అంకె సున్నా. అంటే, నేను నా తలుపు పూర్తిగా మూసేశాను, అయినా ఎక్కడినుంచో గాలి వస్తోంది మహాప్రభో అని అది మొత్తుకుంటూనే ఉంది. కంప్యూటర్‌కి తెలుసు, మావయ్యకి తెలుసు. మధ్యలో ఉన్న నాకే తెలియలేదు.

తర్వాతి ఆదివారం ఆయనే అడిగాడు, ఆ డబ్బాలో ఏముంటుందో చూపించమని. ల్యాప్‌టాప్‌లో పట్టిక తెరిచాను. ఒక వైపు ఇంజన్ వేగం, ఇంకో వైపు మ్యానిఫోల్డ్ పీడనం, గడికో అంకె. ఆ వేగంలో, ఆ పీడనంలో ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో చెప్పే అంకె. 1,600 దగ్గర ఒక గడి చూపించి, బండి అక్కడ కొంచెం గునుస్తోంది మావయ్యా అన్నాను. "అయితే అక్కడ కాస్త పెంచు, దాని పక్క గడులు కూడా. ఒక్కటే పెంచితే అక్కడ గతుకు పడుతుంది" అన్నాడు. ఆ పట్టిక ఆయన చూడటం అదే మొదటిసారి. పెంచాను. గునుపు పోయింది.

అప్పుడన్నాడు, "ఇవి మార్చుకోవచ్చని మాకెవరూ చెప్పలేదురా. మా దగ్గరికొచ్చిన డబ్బాలకి సీలేసి ఉండేది."

ఇన్నాళ్ళూ ఆయన షెడ్డుని ఇంజెక్షన్ మింగేసిందనే అనుకున్నాను. ఆ మాట విన్నాక అలా అనిపించడం లేదు. పట్టిక చేతికిచ్చిన వారంలో డెబ్బై ఏళ్ళ మనిషి దాన్ని దిద్దాడు. ఆయనకి అందనిది విద్య కాదు, తాళంచెవి. ఆ తాళాలు చేసే వృత్తిలోనే నేనున్నాను కాబట్టి ఈ మాట అంత సుఖంగా రాయడం లేదు.

పోయిన జూలైలో ముందు నేనొక్కడినే వెళ్ళాను. అదే చోట బండి ఆపి, ఇంజన్ ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసి, వీడియో తీసి చూపించాలన్నది మా ఆవిడ షరతు. మూతి పైకే ఉంది, ఒక్క తిప్పులో అందుకుంది. పొగ లేదు. బ్రేకు మెత్తగా ఉంది. అయితే కొత్త లోపం ఒకటి అక్కడే కనిపెట్టాను. దిగేటప్పుడు ట్యాంకులో పావు వంతే ఉంది. ఒక పెద్ద వాలులో పెట్రోలంతా ఒక మూలకి పోయి, పంపు గాలి మింగి, ఇంజన్ రెండు సార్లు తడబడింది. కార్బురేటర్‌కి గిన్నెలో కొంచెం నిలవైనా ఉండేది, దీనికి ఆ పాటి కూడా లేదు, పైపులో గాలి రాగానే తెలిసిపోతుంది. ఇప్పుడు సగం ట్యాంకు కంటే తక్కువతో కొండెక్కడం లేదు. వీడియోలో ఆ తడబాటు కూడా ఉంది. కత్తిరించకుండానే చూపించాను.

తను రెండు సార్లు చూసింది. పాడైతే ఏం చేస్తావని అడిగింది. స్పేర్ పంపు, రిలేలు, కాయిల్, ఇంకో 7747 సీటు కింద పెట్టెలో ఉన్నాయని చెప్పాను. నీకు ఏమైనా అయితే నేనేం చెయ్యాలి అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. గరాజ్‌లోకి తీసుకెళ్ళి పేపర్ క్లిప్పు ఎక్కడ పెట్టాలో, దీపం ఎలా లెక్కపెట్టాలో చూపించాను. కోడ్ 12 వస్తే కంగారు పడొద్దన్నాను. "మరి ఏ అంకె వస్తే కంగారు పడాలో రాసివ్వు" అంది. 14, 15 కూలెంట్ సెన్సర్. 33, 34 పీడనం సెన్సర్. 54 పంపు. పాప స్టిక్కర్లలో మిగిలిన వాటి మీద తెలుగులో రాసి, కుడి వైపు సన్‌వైజర్ వెనక అంటించాను. వచ్చే నెల మొదటి శనివారం ముగ్గురం వెళ్తున్నాం. రెండు రాళ్ళు ఇక్కడి నుంచే తీసుకెళ్తానంది తను, వెనక సీటు కింద పెట్టేసింది కూడా.